బావమరిది రాయించిన పాలసీ

ప్రశ్న: నాకు 44 ఏళ్లు. తిరుపతిలో గోవిందరాజస్వామి గుడి దగ్గర పూజాసామగ్రి దుకాణం నడుపుతున్నాను. పెద్దమ్మాయి ఇంటర్, అబ్బాయి ఎనిమిదో తరగతి. నా భార్య తమ్ముడు ఈ మధ్యనే జీవిత బీమా ఏజెంటు అయ్యాడు. అతని మాట కాదనలేక ఏడాదికి 48 వేల ప్రీమియంతో, 20 ఏళ్ల గడువుతో, 9 లక్షల బీమాకు పాలసీ తీసుకున్నాను. మొదటి ప్రీమియంలో 10 వేలు తన కమిషన్ నుంచి తానే ఇచ్చాడు. 20 ఏళ్లకు 25 లక్షలు వస్తాయని చెప్పాడు. నేను మూడేళ్లుగా షుగరుకు మాత్రలు వాడుతున్నాను. ఫారంలో అది రాయలేదని బాండు వచ్చాక తెలిసింది. అడిగితే "మూడేళ్లు దాటితే ఎవరూ ఏమీ అడగరు బావా" అన్నాడు. బాండు చేతికి వచ్చి 12 రోజులైంది. దుకాణం మీద బ్యాంకు అప్పు 4 లక్షలు ఉంది. పాలసీ ఉంచుకోవాలా, వదులుకోవాలా? వదులుకుంటే ఇంట్లో మాట పడాలి.
— ఒక పాఠకుడు, తిరుపతి

సమాధానం: బాండు అందిన రోజు లెక్క రాసి మీరు మంచి పని చేశారు, ఎందుకంటే మీ ప్రశ్నకు జవాబు చాలావరకు ఆ లెక్క మీదనే ఆధారపడి ఉంది. పాలసీ పత్రం చేతికి అందిన నాటి నుంచి 30 రోజుల లోపల, నచ్చకపోతే దానిని తిప్పి పంపి, కట్టిన డబ్బు వెనక్కి తీసుకునే హక్కు మీకుంది. దీనినే ఫ్రీ లుక్ గడువు అంటారు. చాలాకాలం ఇది 15 రోజులే ఉండేది. బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ 2024లో తెచ్చిన నిబంధనలతో 30 రోజులైంది. ఈ జవాబు మీరు చదివేనాటికి మీకు పది పన్నెండు రోజులు మిగిలి ఉంటాయి. ఈ పాలసీని ఆ లోపల వదులుకోండి అన్నదే నా సలహా. అలా ఎందుకు చెబుతున్నానో వివరంగా రాస్తాను, ఎందుకంటే రేపు మీ ఇంట్లో ఈ మాట చెప్పవలసింది మీరు.

అన్నిటికన్నా ముందు షుగరు సంగతి. మిగిలినవన్నీ డబ్బు లెక్కలు, ఇది మీ భార్యాబిడ్డలకు ఆ డబ్బు అందుతుందా లేదా అన్న సంగతి. బీమా సంస్థ మిమ్మల్ని కళ్లతో చూడదు. ప్రపోజల్ ఫారంలో మీరిచ్చిన జవాబులను చూసి, ఈ మనిషికి ఇంత ప్రీమియంతో ఇంత బీమా ఇవ్వవచ్చునని నిర్ణయిస్తుంది. ఆ ఫారంలో మధుమేహం ఉందా, మందులు వాడుతున్నారా అని స్పష్టంగా అడుగుతారు. అక్కడ మీ బావమరిది "లేదు" అని రాశాడు, కింద మీరు సంతకం పెట్టారు. రాసిన చెయ్యి అతనిదైనా ఆ జవాబు మీదే అవుతుంది. ఫారం ఇంగ్లీషులో ఉండి, మీరు తెలుగులో సంతకం చేసి ఉంటే, దాని కింద ఇంకొక వాక్యం కూడా ఉంటుంది: ఇందులోని ప్రశ్నలను వీరికి తెలిసిన భాషలో చదివి వినిపించాను, వీరు చెప్పిన జవాబులనే రాశాను అని ఫారం నింపినవారు ఇచ్చే ధ్రువీకరణ అది. మన ప్రాంతంలో ఆ ధ్రువీకరణ ఎంత తేలికగా పడిపోతుందో నాకు తెలుసు. బండి మీద కూర్చుని, గిట్టుబాటు బేరం తేల్చుకున్నంత సేపట్లో నాలుగైదు చోట్ల సంతకాలు చేయించుకుని వెళ్లిపోయే ఏజెంట్లను చిత్తూరులో నేను చాలామందిని చూశాను.

నేను ఉద్యోగం చేసిన రోజుల్లో కొంతకాలం క్లెయిముల విభాగంలో ఉన్నాను. పాలసీ తీసుకున్న మూడేళ్ల లోపల మరణం సంభవిస్తే ఆ క్లెయిమును విచారణ లేకుండా చెల్లించరు. విచారణకు వెళ్లినవారు ముందుగా ఆసుపత్రుల దారి పడతారు. ఓపీ చీటీలు, మందుల దుకాణం బిల్లులు, డిశ్చార్జి కాగితాలు చూస్తారు. చిత్తూరు దగ్గర బెల్లం గానుగ నడిపే రైతు ఒకాయన పాలసీ తీసుకున్న పద్నాలుగు నెలలకే గుండెపోటుతో పోయారు. ఆయన భార్య బాండును పసుపు గుడ్డలో చుట్టి తెచ్చారు. ఆసుపత్రి కాగితంలో, రోగి చెప్పిన వివరాల కింద, "ఆరేళ్లుగా షుగర్" అని రాసి ఉంది. ఫారంలో "లేదు" అని ఉంది. క్లెయిము నిలిచిపోయింది. నిజం చెప్పి ఉంటే ఏడాదికి కొంత ప్రీమియం ఎక్కువ పడేది, అంతే. ఆ ఏజెంటు చెడ్డవాడు కాదు. నిజం రాస్తే వైద్య పరీక్షలంటారు, ఆలస్యమవుతుంది, నెలాఖరు లోపల పాలసీ పడదు అన్న తొందర తప్ప అతనికి వేరే దురుద్దేశం లేదు. అయినా ఆ తొందర ధరను కట్టింది ఆమె. ఆ పసుపు గుడ్డ ఈనాటికీ నా కళ్లముందు నుంచి పోలేదు, అందుకే మీకు ఇంత గట్టిగా చెబుతున్నాను.

"మూడేళ్లు దాటితే ఎవరూ అడగరు" అన్న మాట పూర్తిగా అబద్ధం కాదు. 1938 నాటి బీమా చట్టంలోని 45వ సెక్షన్‌ను 2015లో సవరించారు. పాలసీ జారీ అయిన తేదీ, బీమా రక్షణ మొదలైన తేదీ, ఆగిన పాలసీని పునరుద్ధరించిన తేదీ, రైడర్ అనే అదనపు రక్షణను చేర్చిన తేదీ, వీటిలో ఏది ఆలస్యమైనదైతే దాని నుంచి మూడేళ్లు గడిచాక, ఏ కారణం మీదా పాలసీని ప్రశ్నించకూడదని ఆ సెక్షన్ చెబుతుంది. అయితే మీ బావమరిది చెప్పకుండా వదిలేసినవి రెండున్నాయి. మొదటిది, ఆ మూడేళ్లూ మీ కుటుంబానికి ఉన్నది ఎప్పుడు చినుగుతుందో తెలియని గొడుగు. మోసపూరితంగా దాచారని సంస్థ తేల్చితే ఏమీ రాదు, మోసం కాదు గాని ముఖ్యమైన సంగతిని తప్పుగా చెప్పారని తేల్చితే కట్టిన ప్రీమియం మాత్రం తిరిగి ఇస్తారు. రెండవది, వ్యాపారం మందగించిన ఏడాది ప్రీమియం ఆగి పాలసీ ల్యాప్స్ అయి, దానిని మళ్లీ పునరుద్ధరించుకుంటే మూడేళ్ల లెక్క మళ్లీ మొదటికి వస్తుంది. బేరాలు యాత్రికుల రద్దీని బట్టి నడిచే మీవంటి దుకాణదారుకు అలాంటి ఏడాది ఒక్కటీ రాదని ఎవరు హామీ ఇవ్వగలరు? మీ పక్షాన వాదించడానికీ చట్టంలో ఒక మాట ఉంది: పాలసీ కోసం మాట్లాడి కుదిర్చినవారిని ఒప్పందం ఏర్పడే విషయంలో సంస్థ తరఫు మనిషిగానే చూడాలని అదే సెక్షన్ వివరణ అంటుంది. కాని ఆ వాదన చేయవలసిన రోజున మీరు ఉండరు. మీ భార్య తన తమ్ముడే తప్పు రాశాడని కాగితం మీద పెట్టి పోరాడవలసి వస్తుంది. ఇప్పుడు ఇంట్లో పడే ఒక మాట కన్నా అది ఎంత బరువో ఆలోచించండి.

ఇక ఆ 10 వేల సంగతి. కమిషన్‌లో వాటా ఇచ్చి పాలసీ చేయించడాన్ని బీమా చట్టం 41వ సెక్షన్ నిషేధిస్తుంది. ఇవ్వడమే కాదు, పుచ్చుకోవడం కూడా తప్పే. జరిమానా 10 లక్షల రూపాయల వరకు ఉండవచ్చు. మీరు సంతకం చేసిన ఫారం మీదే ఈ సెక్షన్ అచ్చువేసి ఉంటుంది, తీసి చూడండి. మిమ్మల్ని భయపెట్టడానికి ఇది చెప్పడం లేదు. ఒక ఏజెంటు మొదటి ఏడాది 10 వేలు వదులుకోగలుగుతున్నాడంటే, అతనికి ఆ ఏడాది ఎంత వస్తోందో మీరు గ్రహించాలని చెబుతున్నాను. చాలాకాలం చట్టం ఈ కమిషన్‌కు పరిమితి పెట్టింది: మొదటి ఏడాది ప్రీమియంలో 35 శాతం వరకు, రెండు, మూడు సంవత్సరాల్లో 7.5 శాతం, తరువాత ఏటా 5 శాతం. 2023లో ఐఆర్‌డీఏఐ ఈ విడివిడి పరిమితులను తీసివేసి, సంస్థ మొత్తం నిర్వహణ ఖర్చు ఇంతకు మించకూడదన్న హద్దు లోపల కమిషన్‌ను సంస్థలే నిర్ణయించుకునే వీలు కల్పించింది. పాత లెక్కనే తీసుకుంటే మీ 48 వేలలో మొదటి ఏడాది వాటా 16,800 రూపాయల దాకా ఉండవచ్చు. నాలుగో ఏడాది నుంచి అది 2,400.

కమిషన్ పాపం కాదు. ఇల్లిల్లూ తిరిగి, జీవితం మీద, మరణం మీద ఎదుటివారు వినడానికి ఇష్టపడని మాటలు చెప్పి ఒప్పించడం కష్టమైన పని, దానికి కూలి ఉండాలి. 1956లో జీవిత బీమాను జాతీయం చేసి ఎల్‌ఐసీని స్థాపించినప్పటి నుంచి పల్లెల్లోకి బీమాను మోసుకెళ్లింది ఏజెంట్లే. తండ్రి పోయిన ఇంటికి తానే వెళ్లి, మరణ ధ్రువపత్రం తెప్పించి, క్లెయిము కాగితాలు నింపి, చెక్కు చేతిలో పెట్టేదాకా వెంట ఉన్న ఏజెంట్లను నేను ఎరుగుదును, వాళ్లకు చేతులెత్తి నమస్కరించాలి. చిక్కు ఏమిటంటే, కూలిలో పెద్ద భాగం మొదటి ఏడాదే చేతికి వచ్చేటప్పుడు కొత్త పాలసీల మీద ఉండే శ్రద్ధ పాత పాలసీదారు మీద ఉండడం కష్టం. ఎక్కువ ప్రీమియం ఉన్న పొదుపు పాలసీ అమ్మితే వచ్చేది ఎక్కువ, గడువు లోపల మరణిస్తేనే డబ్బు వచ్చే, తక్కువ ప్రీమియంతో పెద్ద బీమా ఇచ్చే టర్మ్ పాలసీ అమ్మితే వచ్చేది తక్కువ. అందుకే మీకు టర్మ్ పాలసీ మాటే వినబడి ఉండదు.

కొత్తగా చేరిన ఏజెంటును అతని పైనున్న డెవలప్‌మెంట్ ఆఫీసరో మేనేజరో మొదటి రోజు అడిగే పని ఒకటుంది: నీకు తెలిసిన వంద మంది పేర్లు రాయి. ఆ జాబితాలో మొదటి పది పేర్లు బావలు, మామలు, పిన్నులు, చిన్ననాటి స్నేహితులు. వారు పాలసీ అవసరమా అని చూడరు, మనవాడు నిలదొక్కుకోవాలని చూస్తారు. మీరూ అదే చేశారు. అందులో మీ మంచితనం ఉంది, తప్పు లేదు. అయితే బంధువు దగ్గర కొంటున్నామన్న మొహమాటంతో, బయటివాడి దగ్గర కొంటే తప్పక అడిగే ప్రశ్నలు కూడా మనం అడగకుండా వదిలేస్తాం.

అలాంటి ప్రశ్నల్లో ఒకటి ఆ 25 లక్షలు ఎలా వస్తాయన్నది. కాగితం, పెన్ను తీసుకుని నాతోపాటు లెక్క వేయండి. ఏటా 48 వేలను, ఏ ఖర్చూ ఏ కమిషనూ లేకుండా, 8 శాతం చక్రవడ్డీకి 20 ఏళ్లు వేసినా చివరకు వచ్చేది 23 లక్షల 72 వేలు. బీమా ఖర్చు, కమిషన్, కార్యాలయ ఖర్చులు తీసిన తరువాత 25 లక్షలు ఎలా వస్తాయి? ఇప్పుడు ఇంకొక లెక్క. మీది లాభాల్లో వాటా ఉన్న ఎండోమెంట్ పాలసీ, అంటే గడువు తీరాక కూడా డబ్బు చేతికి వచ్చే పొదుపు పాలసీ, అనుకుంటే, 9 లక్షల మీద ఏటా వెయ్యికి 40 రూపాయల బోనస్ ప్రకటించారనుకుందాం. ఏడాదికి 36 వేలు, 20 ఏళ్లకు 7 లక్షల 20 వేలు. అసలుతో కలిపి 16 లక్షల 20 వేలు. మీరు కట్టేది 9 లక్షల 60 వేలు. అంటే మీ డబ్బు మీద ఏడాదికి పడేది 5 శాతం కన్నా కొంచెం తక్కువ. బోనస్ రేటు హామీ కాదు, ఏటా ప్రకటించేది. బాండుతో పాటు, లేదా ఫారంతో పాటు, ప్రయోజనాల అంచనా పట్టిక ఒకటి ఇచ్చి ఉండాలి. దాని మీద మీ సంతకం, ఏజెంటు సంతకం రెండూ ఉంటాయి. అందులో 4 శాతం, 8 శాతం రాబడి వస్తుందనుకుని వేసిన రెండు అంచనాలు ఉంటాయి, ఆ రెండూ హామీలు కావని పక్కనే రాసి ఉంటుంది. 25 లక్షలు ఆ పట్టికలో ఎక్కడ ఉందో చూపించమని మీ బావమరిదిని అడగండి. నోటితో చెప్పిన మొత్తం కాగితం మీద లేకపోతే అది ఒప్పందంలో లేనట్టే.

రాబడి తక్కువన్నది కూడా నాకు పెద్ద అభ్యంతరం కాదు. కొందరికి బలవంతపు పొదుపు మేలు చేస్తుంది. ఈ పాలసీ మీ ఇంటికి చాలదన్నదే నా అసలు అభ్యంతరం. దేవుని దయవల్ల అలాంటిది జరగకూడదు గాని, మీకేమైనా జరిగితే వచ్చే 9 లక్షల్లో దుకాణం అప్పు 4 లక్షలు పోతుంది. మిగిలిన 5 లక్షలతో, నెలకు 25 వేల ఖర్చున్న ఇల్లు ఇరవై నెలలు నడుస్తుంది. అప్పటికి అమ్మాయి డిగ్రీ కూడా పూర్తికాదు. ఏడాదికి 48 వేలు పక్కన పెట్టగలిగిన మనిషి ఇంటికి ఇంత చిన్న రక్షణ తగదు.

కొన్నాళ్లు కట్టి ఆపేద్దామనుకుంటే అది ఇంకా నష్టం. రెండేళ్లు కట్టి సరెండర్ చేస్తే, అంటే గడువుకు ముందే పాలసీని సంస్థకు అప్పగించేస్తే, హామీగా వచ్చే కనీస విలువ కట్టిన ప్రీమియంలో 30 శాతం. 96 వేలకు 28,800 రూపాయలు. 2024 అక్టోబర్ నుంచి అమలైన నిబంధనల వల్ల ఒక ఏడాది పూర్తి ప్రీమియం కట్టినవారికి కూడా కొంత సరెండర్ విలువ లెక్కకు వస్తుంది, ఆ మేరకు పరిస్థితి మునుపటి కన్నా మెరుగు. అయినా ఫ్రీ లుక్‌లో వచ్చేదానితో దానికి పోలిక లేదు. ఇప్పుడైతే ఈ కొద్ది రోజుల బీమా రక్షణకు అయిన భాగం, వైద్య పరీక్ష జరిగి ఉంటే దాని ఖర్చు, స్టాంపు ఖర్చు మినహాయించుకుని మిగిలినది తిరిగి ఇస్తారు.

చేయవలసిన పని ఇది. పాలసీ నంబరు, బాండు అందిన తేదీ రాసి, ఫ్రీ లుక్ గడువులో పాలసీని రద్దు చేసి ప్రీమియం తిరిగి ఇవ్వవలసిందిగా బ్రాంచి మేనేజరుకు తెలుగులోనే ఒక ఉత్తరం రాయండి. అందులో షుగరు సంగతి దాచవద్దు: నాకు మధుమేహం ఉంది, ఫారంలో అది నమోదు కాలేదు, పాలసీ నా అవసరానికి సరిపోదు అని రెండు వాక్యాలు చాలు. అసలు బాండు, బ్యాంకు ఖాతా వివరాలు, రద్దు చేసిన చెక్కు జతచేసి, బాండుకు, ఉత్తరానికి నకళ్లు ఉంచుకుని, మీరే స్వయంగా బ్రాంచికి వెళ్లి ఇచ్చి, మీ నకలు మీద తేదీతో ముద్ర వేయించుకోండి. బావమరిది చేతికిచ్చి పంపవద్దు. అతని మీద అనుమానంతో కాదు, తనకు నష్టం తెచ్చే కాగితాన్ని తానే మోయమనడం అతనికీ కష్టమే. బాండు వచ్చిన కవరును, దాని మీది తపాలా ముద్రతో సహా, దాచుకోండి. అక్కడే ఇంకొకటి చూసుకోండి: పాలసీలో నమోదైన ఫోన్ నంబరు మీదేనా? కొందరు ఏజెంట్లు తమ నంబరు వేస్తారు. అప్పుడు పాలసీదారును సరిచూడడానికి సంస్థ చేసే ఫోను కూడా వాళ్లకే వెళుతుంది, గడువు సందేశాలు మీకు చేరవు.

బ్రాంచిలో కాలయాపన చేస్తే సంస్థ ఫిర్యాదుల అధికారికి రాయండి. ఐఆర్‌డీఏఐ వారి బీమా భరోసా కేంద్రానికి 155255 నంబరుకు ఫోను చేసి కూడా ఫిర్యాదు నమోదు చేయించవచ్చు. 30 రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు నచ్చకపోయినా హైదరాబాదులోని బీమా అంబుడ్స్‌మన్‌కు వెళ్లవచ్చు. ఆంధ్రప్రదేశ్ ఆ కార్యాలయం పరిధిలోనే ఉంది. 50 లక్షల వరకు వివాదాలను అక్కడ విచారిస్తారు, రుసుము లేదు, వకీలూ అక్కరలేదు. మీ విషయం అంతదూరం వెళ్లదనే నా నమ్మకం.

రద్దు చేసి ఊరుకోవడం మాత్రం తగదు. ఈ వారంలోనే మీ ఖాతా ఉన్న బ్యాంకులో ప్రధానమంత్రి జీవన్ జ్యోతి బీమాకు సంతకం చేయండి: ఏడాదికి 436 రూపాయలు, 2 లక్షల జీవిత బీమా, 50 ఏళ్ల లోపు వారు చేరవచ్చు. చేరిన మొదటి 30 రోజుల్లో ప్రమాద మరణానికి తప్ప మిగతా వాటికి వర్తించదు, అందుకే ఆలస్యం వద్దంటున్నాను. ఏడాదికి 20 రూపాయల సురక్షా బీమా కూడా ప్రమాదాలకు 2 లక్షలు ఇస్తుంది. ఆ తరువాత టర్మ్ పాలసీకి దరఖాస్తు పెట్టండి, షుగరు ఉందని, ఏ మాత్ర వాడుతున్నారో, ఎప్పటి నుంచి వాడుతున్నారో రాసి. మూడు నెలల సగటు షుగరు చూసే రక్తపరీక్ష అడుగుతారు. అది అదుపులో ఉంటే కొంత అదనపు ప్రీమియంతో ఇస్తారు. లేకపోతే వాయిదా వేయవచ్చు, కాదనవచ్చు కూడా. కాదన్నా నిరాశపడక, డాక్టరు చెప్పినట్టు నడుచుకుని, మళ్లీ ప్రయత్నించండి. ఒకసారి కాదన్న సంగతిని తరువాతి ఫారంలో తప్పక చెప్పండి.

ఇక ఇంటి మాట. ముందుగా మీ భార్యతో, తమ్ముడు లేనప్పుడు, మాట్లాడండి. తమ్ముడు మోసం చేశాడన్న మాట మీ నోట రానివ్వకండి, అది నిజం కూడా కాదు. ఈ బాండు నీ కోసం, పిల్లల కోసం తీసుకున్నది, నాకేమైనా అయితే ఈ ఒక్క జవాబు వల్ల నీకు డబ్బు రాకపోవచ్చు అని ఫారం నకలు చూపించి చెప్పండి. తన బిడ్డల డబ్బు విషయంలో ఆమె తమ్ముడి పక్షం మాట్లాడుతుందని నేననుకోను. ఆ తరువాత బావమరిదిని పిలిచి, అతనిచ్చిన 10 వేలు లెక్కపెట్టి చేతిలో పెట్టండి. పాలసీ రద్దయితే అతనికి ముట్టిన కమిషన్‌ను సంస్థ వెనక్కి తీసుకుంటుంది, కాబట్టి ఆ 10 వేలు మీ దగ్గర ఉండడం న్యాయం కాదు. ఏజెంటు ఒక జీవిత బీమా సంస్థకే పనిచేయగలడు. అతని సంస్థలో టర్మ్ పాలసీ ఉండి, ధర మీకు సరిపోతే, దానిని అతని చేతనే రాయించండి. ఈసారి ఫారాన్ని మీ ఇంట్లో, మీ భార్య పక్కన కూర్చుని ఉండగా, ప్రశ్న ప్రశ్నా తెలుగులో చదివించుకుని నింపించండి. అతనికి కమిషన్ తక్కువ రావచ్చు, కాని ఫారం ఎలా నింపాలో అతనికి నేర్పిన మొదటి ఇల్లు మీదే అవుతుంది.

బ్రాంచికి వెళ్లే రోజున దుకాణం అబ్బాయికి అప్పగించకుండా ఒక పూట మూసివేసి, మీ భార్యను కూడా వెంట తీసుకువెళ్లండి.